సాగిన టేపు

ఆవిడను అందరూ కొలతలమ్మ అనేవాళ్లు. అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉండేది కానీ, దానితో ఆఫీసు గుమస్తాకు తప్ప ఎవరికీ పని పడలేదు. పెద్దాసుపత్రిలో కట్ల విభాగమని ఒకటుండేది. విరిగి అతుక్కున్న చేతులకు, నరం చచ్చిన వేళ్లకు, పట్టు తప్పిన మణికట్లకు అక్కడ తోలు తొడుగులు చేసేవాళ్లు. డాక్టర్లు వాటిని స్ప్లింట్లంటారు. కొలతలమ్మ ముప్పై ఒక్క ఏళ్లు ఆ గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల చేతులు ఒళ్లో పెట్టుకుని కొలిచింది. కొలిచి చీటీ రాసి పక్కబల్ల మీదికి జరిపేది. ఆ బల్ల దగ్గర తోలు మేస్త్రి చీటీ చూసి తోలు కోసేవాడు. తోలు మేస్త్రి ఆవిడ భర్తే. ఆ రెండు బల్లలూ ఇరవై రెండేళ్లు అలా పక్కపక్కనే ఉన్నాయి.

ఆవిడ మెళ్లో ఎప్పుడూ ఒక పసుపు రంగు గుడ్డ టేపు వేలాడుతుండేది. ఒక్కో మనిషిని కొలిచాక దాన్ని సబ్బునీళ్లలో జాడించి, పిండి, కిటికీ చువ్వకు ఆరేసేది. స్టోర్సువాళ్లు ఏడాదికో కొత్త టేపు ఇస్తే తీసుకుని సంతకం పెట్టి, మడత కూడా విప్పకుండా సొరుగులో పడేసేది. కొత్తది చేతికి మాట వినదనేది. నిజం చెప్పుకోవాలంటే కొలతలమ్మ తేలికైన మనిషి కాదు. తన పనిలో ఎవరైనా వేలు పెడితే ఒంటికాలి మీద లేచేది. పెద్ద డాక్టర్లు కూడా ఆవిడ బల్ల దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేవాళ్లంటే చూసుకోండి.

భార్యాభర్తలిద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు. కట్ల విభాగం గోడకు ఇద్దరి ఫోటో తగిలించి, కింద ఇలా రాశారు: ‘ఇరవై రెండేళ్లలో ఒక్క స్ప్లింటూ సరిపోలేదని తిరిగి రాలేదు.’ ఆ తర్వాత రెండేళ్లకు తోలు మేస్త్రి పోయాడు. ఆసుపత్రి ఆ రెండు బల్లల దగ్గర మళ్లీ ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఒకాయన వారానికి రెండు రోజులు వచ్చి పోతుండేవాడు. స్ప్లింటు కోసం పేరు రాయించుకున్న మనిషికి నాలుగు నెలలకు గానీ పిలుపు రాదు, ఈలోగా వేళ్లు ఎలా ముడుచుకున్నవి అలాగే ఉండిపోయేవి.

ఊళ్లో మూతబడిన ప్రింటింగ్ ప్రెస్సు షెడ్డొకటి ఉంది. అచ్చుయంత్రాలు ఎత్తుకుపోయాక అందులో కొందరు కలిసి అందరి కోసం ఒక వర్క్‌షాపు పెట్టుకున్నారు. లేత్ మెషిను, కుట్టుమిషన్లు, బొమ్మ గీస్తే ప్లాస్టిక్ రేకును అదే కొలతకు కోసిచ్చే కంప్యూటర్ మెషిను ఉన్నాయి. పని తెలిసినవాళ్లు వచ్చి చేసుకోవచ్చు, తెలియనివాళ్లు వచ్చి నేర్చుకోవచ్చు. కొలతలమ్మ మొదటిసారి అక్కడికి పోయింది మాత్రం పోట్లాటకే. పక్కవీధి ముసలాయన మణికట్టుకు ఎవరో ప్లాస్టిక్ స్ప్లింటు చేసిచ్చారు. అది బొటనవేలి మొదట్లో ఒరుసుకుంటోంది. ఆయన దాన్ని షెడ్డులో మార్చి ఇమ్మని ఇచ్చొచ్చానని చెప్పగానే, ఈవిడ చెప్పులేసుకుని బయల్దేరింది.

“ఎవరమ్మా, ఆ పెద్దాయనకు స్ప్లింటు చేసిన మహానుభావులు?” అంది గుమ్మంలో నిలబడే.

డ్రాయింగులు గీసే అమ్మాయి తలెత్తి చూసింది. ముప్పై దాటిన మనిషి, పగలు వేరే ఆఫీసులో ఉద్యోగం, తీరిక వేళల్లో ఇక్కడ. వెనక గోడ చూపించింది. ఆ గోడనిండా మేకులు, మేకుమేకుకూ ఒక చెడిపోయిన వస్తువు. పగిలిన గేరు, వంకర కుర్చీకాలు, ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ ఉన్న చొక్కా. వాటి మధ్యలో ముసలాయన స్ప్లింటు. దానికి దారంతో కట్టిన అట్ట మీద ఇలా ఉంది: ‘బొటనవేలు కదలడానికి చోటు వదల్లేదు. చేసింది నేను.’ కింద ఆ అమ్మాయి సంతకం.

“ఇక్కడ ఎవరు చెడగొట్టింది వాళ్లే తగిలించాలి పెద్దమ్మా. అదొక్కటే మాకున్న రూలు. మీరు ఇంకా తిట్టాలనుకుంటే తిట్టండి, వింటాను.”

కొలతలమ్మ ఆ అట్టను ఇంకోసారి చదివింది. ఆసుపత్రిలో చెడినదాన్ని తాళం వేసిన పెట్టెలో పడేసేవాళ్లు, నెలాఖరున కాల్చేసేవాళ్లు. అది ఎవరి చేతిలో చెడిందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అందులో ఒక మర్యాద ఉందని ఆవిడ అనుకుంటూ వచ్చింది. తిట్టడానికి వచ్చిన మనిషి ఆ సాయంత్రం దాకా కూర్చుని, బొటనవేలికి చోటెలా వదలాలో చూపించి వెళ్లింది. మర్నాడు మెళ్లో టేపు వేసుకుని మళ్లీ వచ్చింది. ఆ టేపును రిటైరైన రోజే ఇంటికి తెచ్చుకుంది లెండి.

ఏడాది గడిచేసరికి ఈ కబురు కట్ల విభాగం డాక్టరుగారి చెవిన పడింది. మంచాయన, పని జరిగితే చాలుననుకునే మనిషి. వచ్చి చూశాడు. చేతుల స్ప్లింట్లు షెడ్డులో చేయించి, కొలతలమ్మ చేత కొలిపించి, ఆసుపత్రి పేరుతో ఇచ్చేలా ఒప్పందం చేసుకుందామన్నాడు. అందుకు ముందుగా ఇరవై మందికి చేసి చూపమన్నాడు. ఆసుపత్రి పద్ధతులు ఒక్కొక్కటే షెడ్డులోకి దిగాయి. రిజిస్టరు వచ్చింది, నంబర్లు వచ్చాయి, ఎవరు కొలిచారో ఎవరు కోశారో సంతకాలు వచ్చాయి. ఇష్టమొచ్చినప్పుడు వచ్చి ఇష్టమొచ్చినట్టు చేసుకునే జనం మొదట్లో ముఖాలు చిట్లించారు గానీ, ఏ స్ప్లింటు ఏ రోజు ఎవరికి వెళ్లిందో రిజిస్టర్లో దొరుకుతుంటే వాళ్లకే అలవాటైపోయింది.

డాక్టరుగారికి నచ్చనిది ఒక్కటే, మేకుల గోడ. బుధవారం ఆసుపత్రి కమిటీ వస్తుందనగా అన్నాడు: “ఆ గోడకో గుడ్డ కట్టండమ్మా. పేషెంట్లను పంపే చోట చెడినవన్నీ అలా ఎదురుగా పెట్టుకుంటామా?”

డ్రాయింగు అమ్మాయి నీళ్లు నమిలింది. కొలతలమ్మకు ఆయన మాటే సబబనిపించింది. తెల్లటి దుప్పటి తానే తెస్తానంది.

సోమవారం ఉదయం కండక్టరమ్మ వచ్చింది. ఇరవై మందిలో ఆవిడ పదకొండోది. బస్సు ప్రమాదంలో ఎడం చేతి నరం తెగి, మోచేతి కింద స్పర్శ లేకుండా పోయింది. చెయ్యి పోయినా గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. టిక్కెట్ టిక్కెట్ అని ఇరవై ఏళ్లు అరిచిన గొంతది.

“కొలతలమ్మగారూ, ఒకసారి ఇది చూడండి. నాకైతే నొప్పీ గిప్పీ ఏమీ లేదు. మా అమ్మాయి స్నానం చేయిస్తుంటే చూసి గోల పెట్టింది.”

స్ప్లింటు విప్పారు. ముంజేతి లోపలి వైపు, అంచు నొక్కుకున్న చోట, రూపాయి బిళ్లంత మేర చర్మం చచ్చి నల్లబడింది. చుట్టూ ఎర్రగా వాచింది. స్పర్శ ఉన్న చెయ్యయితే మొదటి గంటలోనే నొప్పెట్టేది, విప్పి పడేసేది. ఈ చెయ్యి తొమ్మిది రోజులు నోరెత్తలేదు. కొలతలమ్మ స్ప్లింటు అంచును వేలితో తడిమి చూసింది.

డ్రాయింగు అమ్మాయి రిజిస్టరు తీసింది. నంబరు పదకొండు, ముంజేతి చుట్టుకొలత ఇరవై ఐదు సెంటీమీటర్లు. స్ప్లింటు పక్కన ఇనుప స్కేలు పెట్టి చూసింది. మెషిను ఇరవై ఐదుకు సరిపోయేలా వెంట్రుకవాసి తేడా లేకుండా కోసింది. తర్వాత తన బల్ల మీది స్టీలు టేపు తీసి, పుండు తగలకుండా, కండక్టరమ్మ ముంజేతి చుట్టూ తిప్పింది. ఇరవై ఆరు.

“వాపు, వాపు వల్ల పెరిగుంటుంది” అంది కొలతలమ్మ.

అమ్మాయి మళ్లీ టేపు తిప్పింది. వాపు లేని చోట, మోచేతికి దిగువన కొలిచింది. రిజిస్టర్లో ఉన్నదాని కంటే అక్కడా ఒక సెంటీమీటరు ఎక్కువే. అప్పుడు నెమ్మదిగా, “పెద్దమ్మా, మీ టేపు ఒకసారి ఇస్తారా?” అంది.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట ఆవిడను అడిగినవాళ్లు ఒక్కరే ఉన్నారు. ఆ సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు. టేపు తీసి ఇచ్చింది. పసుపు టేపునూ స్టీలు టేపునూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. సున్నా దగ్గర రెండూ కలిసే ఉన్నాయి. పది దగ్గర కాస్త ఎడం కనిపించింది. పసుపు టేపు ఇరవై ఐదు దగ్గర స్టీలు టేపు ఇరవై ఆరు చూపించింది. రోజూ తడిపి, పిండి, చువ్వకు వేలాడదీసిన గుడ్డ అది. సాగింది. సాగిన టేపు అబద్ధమాడుతుంది, అందులోనూ తక్కువ చేసి చెబుతుంది.

కండక్టరమ్మను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించారు. మిగతా పంతొమ్మిది మందినీ స్ప్లింట్లు విప్పెయ్యమని ఫోన్లు చేశారు. వాళ్లందరికీ స్పర్శ ఉన్న చేతులే కాబట్టి, బిగుతుగా ఉందని ఎప్పుడో పట్టీలు వదులు చేసుకున్నారు. కొత్తది కదా అలాగే ఉంటుందనుకుని ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాక కొలతలమ్మకు అన్నం సహించలేదు. ఒకే ప్రశ్న ఆవిడను తొలిచేస్తోంది. ఇదే టేపుతో ఆసుపత్రిలో ఇన్నేళ్లు కొలిచింది కదా, ఒక్కటి కూడా ఎందుకు తిరిగి రాలేదు? టేపు ఇంటికొచ్చాక ఆరేళ్లు ఊరికే చిలక్కొయ్యకు వేలాడింది, అప్పుడు సాగి ఉండదు. మరి?

లేచి అటక మీది నుంచి భర్త పనిముట్ల పెట్టె దింపించింది. దింపింది ఆడపడుచు. అరవై ఏళ్లు వచ్చినా ఆ ఇంట్లో ఆవిడ చిన్నమ్మాయే. అన్నయ్య పోయాక వదినకు తోడుగా వచ్చి ఉండిపోయింది. పెట్టెలో తోలు కత్తులు, మైనం ముద్ద, వాటి కింద మేస్త్రి చెక్క స్కేలు ఉన్నాయి. కొలతలమ్మ దాన్ని రోజూ చూసిందే గానీ ఏనాడూ చేతిలోకి తీసుకోలేదు. ఇప్పుడు వాకిట్లో ఎండలో పెట్టి చూసింది. ప్రతి అంకె పక్కనా కత్తి మొనతో గీసిన సన్నటి గాట్లున్నాయి. ఇరవై ఐదు పక్కన ఐదు గాట్లు, ఒకదాని కంటే ఒకటి కాస్త ముందుకు. మొదటివి చేతి మురికితో నల్లబడ్డాయి. చివరిది ఇంకా తెల్లగా ఉంది. పసుపు టేపు తెచ్చి స్కేలు మీద పరిచింది. టేపు ఇరవై ఐదు సరిగ్గా ఆ చివరి గాటు మీద వచ్చి పడింది.

అప్పుడు గుర్తొచ్చింది. పని పల్చగా ఉన్న రోజు చూసి ఏ ఏడాదికో ఒకసారి ఆయన చెయ్యి చాపేవాడు. “ఇటివ్వు, దుమ్ము కొట్టుకుంది, తుడిచిస్తా” అని టేపు తీసుకుని తన బల్ల వైపు తిరిగేవాడు. రెండు నిమిషాల్లో తిరిగిచ్చేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుకునేవాళ్లు, ఈవిడ లోలోపల మురిసిపోయేది. ఆ రెండు నిమిషాల్లో ఆయన టేపును స్కేలుతో సరిచూసి, ఇంకాస్త సాగిందనిపిస్తే కొత్త గాటు పెట్టుకుని, తోలును ఆ గాటు కొలతకు కోసేవాడన్నమాట. ఇంకోటీ గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తల్లో కాదు, చాలా తర్వాత, ఒకరోజు స్టోర్సు నుంచి కొత్త టేపు తానే తెచ్చి ఆవిడ మెళ్లో వేశాడు. “నా కొలత మీద నమ్మకం లేదా?” అని అందరి ముందూ దాన్ని తీసి విసిరికొట్టింది. ఆయన వంగి దాన్ని ఏరుకుని సొరుగులో పెట్టాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇన్నేళ్లూ తాను తప్పు కొలిచింది. ఆయన ఒప్పు కోశాడు. ఆవిడ ఆ స్కేలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఆయన మీద ప్రేమతో ఎంత ఏడ్చిందో కోపంతోనూ అంతే ఏడ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే, రెండు రోజులు అలిగి మూడో రోజు టేపు మార్చేది కదా. మార్చేదా? ఏమో, ఆవిడకే నమ్మకం కుదర్లేదు.

సంగతంతా విన్న చిన్నమ్మాయి ముఖం మాడ్చుకుంది. “అయిందేదో అయింది వదినా. టేపు సాగిందని చెప్పు, అంతవరకే. ఈ స్కేలు సంగతి ఎందుకు బయటపెట్టడం? తెలిసీ దాచాడని మా అన్నయ్యను వేలెత్తి చూపిస్తారు. ఆయన వచ్చి చెప్పుకునే వీలు కూడా లేదు.”

 కొలతలమ్మ స్కేలును పాత చీర ముక్కలో చుట్టి పక్కన పెట్టుకుంది.

బుధవారం కమిటీ పదకొండింటికి వస్తుంది. డాక్టరుగారు పదింటికే వచ్చాడు. పుండు సంగతి ఆయనకు తెలుసు. కొలతలమ్మను పక్కకు పిలిచి, మెల్లగా, నిజంగానే ఆవిడ మేలు కోరి అన్నాడు:

“అమ్మా, వాపు వల్ల బిగుతైందని రాద్దాం. పుండు మూడు వారాల్లో మానుతుంది. టేపు మార్చేశారు, ఇక సమస్య లేదు. ఈ పరిస్థితిలో కొలత తప్పని రాస్తే కమిటీ ఒప్పందం మీద సంతకం పెట్టదు. నాలుగు నెలల నుంచి నూట అరవై మంది ఎదురుచూస్తున్నారు. మీరే ఆలోచించండి.”

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్కే, మిగతాదంతా నిజం. అందుకే కాదనడం కష్టమైంది. వాపని రాస్తే నూట అరవై మందికీ రేపటి నుంచే పని మొదలవుతుంది. తన పేరు నిలుస్తుంది, మేస్త్రి పేరు నిలుస్తుంది. గోడ మీద తాను తెచ్చిన తెల్ల దుప్పటి అప్పటికే కట్టి ఉంది. డ్రాయింగు అమ్మాయి రిజిస్టరు ముందు కూర్చుని, ఏం రాయమంటారన్నట్టు చూస్తోంది. ఆ అమ్మాయి తన మొదటి తప్పును పరాయి మనుషులందరూ చూసేలా తగిలించుకున్న సంగతి కొలతలమ్మకు గుర్తొచ్చింది. తన భర్తకు అలాంటి ఒక మేకు దొరకలేదు. ఉన్నా తాను తగిలించనిచ్చేది కాదు.

“డాక్టరుగారూ, ఆసుపత్రిలో ఇంకా ఎన్ని గుడ్డ టేపులున్నాయి?” అంది.

ఆయన తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“మిగతా వార్డుల్లో టేపు పట్టేవాళ్లంతా నన్ను చూసి నేర్చుకున్నవాళ్లే. నాలాగే ఉతుకుతారు. మా మేస్త్రి లేడిప్పుడు, పక్కబల్ల దగ్గర.”

లేచి దుప్పటి ముడి విప్పింది. మేకు ఒకటి చూసుకుని పసుపు టేపు తగిలించింది. కాసేపు ఆగి, చీర ముక్కలోంచి స్కేలు తీసి దాన్నీ అదే మేకుకు తగిలించింది. అట్ట ముక్క మీద రాయడానికి చాలాసేపు పట్టింది, చీటీలు తప్ప ఇంకేమీ రాయని చెయ్యి అది. ‘ఈ టేపు నాది. సాగింది. దీని వల్ల ఒకావిడ చెయ్యి పుండైంది. ఈ స్కేలు మా ఆయనది. నా తప్పును గాట్లు పెట్టి ఇరవై రెండేళ్లు దిద్దాడు. ఒకసారి చెప్పబోతే నేనే చెప్పనివ్వలేదు.’ కింద సంతకం పెట్టింది, జీతాల రిజిస్టర్లో ఉన్న పేరుతో.

కమిటీ వచ్చింది, చూసింది, చదివింది. సంతకం పెట్టలేదు. వాళ్లు వెళ్లిపోయాక షెడ్డులో చాలాసేపు ఎవరూ మెషిన్లు నడపలేదు. చిన్నమ్మాయి వారం రోజులు వదినతో పలకలేదు. వంట చేసి పెట్టేది, ఎదురుగా కూర్చునేది కాదు.

పదో రోజున ఆసుపత్రి నుంచి ఒక బ్రౌన్ కవరు వచ్చింది. అందులో తొమ్మిది గుడ్డ టేపులు, ప్రతిదానికీ కట్టిన అట్ట మీద డాక్టరుగారి దస్తూరితో ఎంత సాగిందో రాసి ఉంది. తొమ్మిదింటిలో ఆరు సాగినవి. వాటితో పాటు ఒక చీటీ: ‘మీ గోడ మీద మాకు కూడా కాస్త చోటిస్తారా? మా కట్ల విభాగంలో మేకులు కొట్టడానికి ఇంకా పర్మిషన్ రాలేదు.’ కొలతలమ్మ అడగకుండానే ఆయన ఇంకో పని కూడా చేశాడు, ఫోటో కింద రాసిన ఆ వాక్యం తీయించేశాడు. ఫోటో మాత్రం అలాగే ఉంది.

ఒప్పందం మీద సంతకాలకు ఇంకో మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఎంతమంది వేళ్లు ముడుచుకుపోయాయో ఎవరూ లెక్క కట్టలేదు గానీ, కొలతలమ్మ మనసులో ఆ లెక్క ఉంది. తాను చేసింది రైటా అని అడిగితే ఈ రోజుకీ సూటిగా చెప్పదు. స్టీలు టేపులు ఎలాగూ వచ్చేశాయి. ఒప్పందంలో కొత్తగా చేరిన షరతు ఒకటే, అది ఆవిడ పెట్టిందే. కొలిచే మనిషి అంకె చదవకూడదు. ఎవరిని కొలుస్తున్నారో వాళ్లే చూసి, పైకి చదవాలి. ఆ తర్వాతే రాయాలి. ఆసుపత్రిలో కూడా ఇప్పుడు అంతే.

చిన్నమ్మాయి ఒక్కసారే షెడ్డుకు వచ్చింది. గోడ ముందు నిలబడి అట్ట మొత్తం చదివింది. మేస్త్రి స్కేలు ఒక పక్కకు ఒరిగి ఉంటే సరిచేసింది. “ఆఖరి వాక్యం రాశావు, నయం” అని వెళ్లిపోయింది.

ఒప్పందం కింద మొదటి పేరు కండక్టరమ్మది. పుండు మానిన చోట నున్నటి మచ్చ మిగిలింది. కొలతలమ్మ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, స్టీలు టేపు చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిపి పట్టుకుంది. అలవాటు కొద్దీ అంకె మీదికి పోయిన చూపును బలవంతాన పక్కకు తిప్పుకుని, కిటికీ వైపు చూస్తూ అడిగింది.

“చదువమ్మా.”

“ఇరవై ఆరు” అంది కండక్టరమ్మ, బస్సులో చివరి సీటుదాకా వినిపించే గొంతుతో.

కొలతలమ్మ రాసుకుంది. రాసి, చీటీని అలవాటుగా పక్కబల్ల మీదికి జరిపింది.